ఆ పిల్లల కీబోర్డుల మీద చెయ్యి వేసే ముందు

నాన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాలాగా చూపు లేని పిల్లలకు వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లలో, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి కావలసిన కీలు లేవంటే, నువ్వే వెళ్లి అన్నిటిలోనూ మార్చి ఇస్తానన్నావట, అదీ ఒక్క ఆదివారంలో. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో! చిన్నప్పుడు నా పక్కన కూర్చుని, ఈ కంప్యూటర్ ఇంత గబగబా ఏం మాట్లాడుతోంది పెద్దమ్మా అని నవ్వేవాడివి. కానీ కీలను దానంతట అదే మార్చేసే చిన్న ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, అన్నిటికీ కలిపి ఒకటే రాసేశావని కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఒకటే స్క్రిప్టు గురించే ఇంత పెద్ద ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇన్సర్ట్ కీ లేదని కంగారు పడక్కర్లేదు, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో క్యాప్స్ లాక్‌నే ఎన్‌వీడీఏ కీగా, అంటే ఆదేశాలిచ్చేటప్పుడు వేరే కీలతో కలిపి నొక్కే కీగా, పెట్టుకోవచ్చు, మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే స్వాగతం విండోలోనే అడుగుతుంది. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌కి ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో (కీల అమరికలో) ఎలాగూ క్యాప్స్ లాకే. విండోస్‌తోనే వచ్చే నెరేటర్ ఇన్సర్ట్, క్యాప్స్ లాక్ రెండిట్లో దేన్నైనా వింటుంది. అసలు పెద్దక్షరాల క్యాప్స్ లాక్ కావాలంటే ఎన్‌వీడీఏలో ఆ కీని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలు. కుడి క్లిక్ మెనూ కీ లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 ఉంది. ఏదైనా ఆదేశం వేళ్లకు అందకపోతే ఎన్‌వీడీఏ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ జెస్చర్స్ అనేది ఉంది, అక్కడ ఆదేశాన్నే వేరే కీకి ఇచ్చుకోవచ్చు. స్క్రీన్ రీడర్ లోపల తేలే పనిని అక్కడే తేల్చెయ్యి, విండోస్ దాకా తీసుకెళ్లకు. ఇలా చూసుకుంటే నీ స్క్రిప్టులో సగం అవసరమే లేదేమో.

ఇంకో మాట, అందరి ల్యాప్‌టాప్‌లోనూ "ల్యాప్‌టాప్ లేఅవుట్" పెట్టెయ్యాలని లేదు. నేను నేర్చుకున్నది పెద్ద కీబోర్డు మీద. కుడి పక్క అంకెల కీల మీదే నా చదువంతా నడిచింది: ఏడు, ఎనిమిది, తొమ్మిది లైన్లకి, నాలుగు, ఐదు, ఆరు పదాలకి, ఒకటి, రెండు, మూడు అక్షరాలకి. మధ్య వరసలో ఐదు కొడితే ఉన్న పదం, దానికి అటు ఇటు ముందు పదం, తర్వాతి పదం. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను, చెయ్యి అక్కణ్ణించి కదిలేదే కాదు. ల్యాప్‌టాప్‌కి మారాక అదే పనికి ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, బాణం అన్నీ కలిపి నొక్కాల్సి వచ్చింది. కొన్నాళ్లు నా చేతులు నావి కానట్టే ఉన్నాయి. ఆ పిల్లల్లో అలా నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కీలు మార్చడం మానేసి యూఎస్‌బీకి తగిలించే విడి నంబర్ ప్యాడ్ ఒకటి ఇప్పించు. చిన్న వస్తువే, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ జోలికి వెళ్లే పని ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది సగమే తెలుసు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. దాంట్లో ఇన్సర్ట్ కావాలంటే ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కాలి. నేను రెండు మూడుసార్లు విసుక్కోవడం పక్క సీటు అబ్బాయి విన్నాడు. చాలా మంచివాడు, అందుకే ఇప్పటికీ అతని మీద కోపం రాదు. ఓ సాయంత్రం నేను వెళ్లిపోయాక, నన్ను ఆశ్చర్యపరుద్దామని, రిజిస్ట్రీలో ఏ కీ ఏ కీగా పనిచెయ్యాలో చెప్పే స్కాన్‌కోడ్ మ్యాప్ అని ఉంటుంది చూడు, అది రాసి ఎస్కేప్ కింద ఎడమ మూల ఉండే కీని ఇన్సర్ట్‌గా మార్చాడు. ఆ కీని ఎవరూ వాడరు కదా అనుకున్నాడట. కంటితో చూసేవాళ్లకి అది పనికిరాని మూల కీయే. వేళ్లతో వెతికేవాళ్లకి మూల అంటే గుర్తు. ఎఫ్, జె కీల మీద ఉండే గీతల్లాగే నాలుగు మూలలూ మాకు ఆనవాళ్లు, ఎక్కడున్నామో తెలియకపోతే చెయ్యి ముందు అక్కడికే పోతుంది. సులువుగా దొరుకుతుందనే నా పాస్‌వర్డ్‌లో ఆ కీ పెట్టుకున్నాను. పైగా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికలో టైపు చేసేదాన్ని, ఆ లేఅవుట్‌లో ఒత్వం ఉండేది ఆ కీ మీదే, షిఫ్ట్‌తో కొడితే ఒ వస్తుంది. "కొత్త" అని రాయాలంటే ఆ కీ కావాలి.

స్కాన్‌కోడ్ మ్యాప్ రాసిన వెంటనే ఏమీ మారదు, రీస్టార్ట్ అయ్యాకే పని మొదలుపెడుతుంది. అతను మర్నాడు సెలవు పెట్టాడు. నేను పొద్దున్నే వచ్చి ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టాను, తప్పు అంది. మళ్లీ కొట్టాను, తప్పు. ఒక్కో అక్షరానికి ఎన్‌వీడీఏ "స్టార్" అంటుంది కదా, ఒక స్టార్ తగ్గుతోందని వినిపిస్తూనే ఉంది, కానీ కీ మారిందన్న ఊహ ఎలా వస్తుంది? ఆ కీ ఇప్పుడు ఇన్సర్ట్ అయి కూర్చుంది, అంటే ఎన్‌వీడీఏ కీ. ఎంత నొక్కినా ఏమీ పలకదు. నా వేలే సరిగ్గా పడటం లేదనుకున్నాను. మెల్లగా, ఒక్కో కీ తడుముకుని కొట్టాను. ఎన్నో ఏళ్లుగా తడుముకోకుండా టైపు చేసినదాన్ని, మొదటి రోజు నేర్చుకునేవాళ్లలాగా. పక్కవాళ్ల దగ్గర వేరే కీబోర్డు తెచ్చి తగిలించాను, అదీ అంతే! స్కాన్‌కోడ్ మ్యాప్ ఒక కీబోర్డుకని ఉండదు నాన్నా, ఆ కంప్యూటర్‌కి ఏ కీబోర్డు తగిలించినా దానికీ వర్తిస్తుంది. అది నాకప్పుడు తెలియదు. రెండు కీబోర్డులూ పాడైపోవు కదా, అయితే తప్పు నాలోనే ఉందని అనుకున్నాను. వేళ్లలో స్పర్శ తగ్గుతోందేమో, వయసు మీద పడుతోందేమో, ఇక ఈ ఉద్యోగం చెయ్యలేనేమో అని ఎక్కడెక్కడికో పోయాయి ఆలోచనలు. ఆ పూట నేను పంపాల్సిన రిపోర్టు ఉంది. అడిగితే, పాస్‌వర్డ్ మర్చిపోయినట్టున్నారండీ అని జాలిగా అన్నారు. ఆ జాలే ఎక్కువ బాధించింది.

చివరికి కంప్యూటర్లు చూసే ఆయన తన అడ్మిన్ ఖాతాతో లోపలికి వెళ్లి, వెతికి, ఆ మ్యాప్ తీసేసి రీస్టార్ట్ చేశాడు. మొదటిసారికే తెరుచుకుంది. కీ దోషమని తెలిశాక కూడా చాలా రోజులు ఆ మూల కీ నొక్కే ముందు నా వేలు ఒక్క క్షణం ఆగేది.

నా భయం ఇదే. నువ్వు మార్చిన కీ వల్ల ఒక పిల్ల తన గదిలో ఒంటరిగా, పరీక్ష ముందు రోజు, సైన్ ఇన్ తెర దగ్గర ఆగిపోయి, నాకే చేతకావడం లేదనుకోకూడదు. నీకు కోపం వచ్చినా సరే చెప్తున్నాను, ఎవరి కీబోర్డులోనూ వాళ్లు పక్కన కూర్చోకుండా ఒక్క కీ కూడా మార్చొద్దు. ఆదివారం సరిపోకపోతే ఇంకో ఆదివారం వెళ్లు. కొంపలేం మునిగిపోయాయి? ఒక్కొక్కరినీ అడుగు: ఏ లేఅవుట్‌లో టైపు చేస్తావు, పాస్‌వర్డ్‌లో ఈ కీ ఉందా (పాస్‌వర్డ్ చెప్పమనకు, ఉందా లేదా అనే అడుగు), ఏ కీ కోసం ఎక్కువ వెతుక్కుంటావు. కుడి ఆల్ట్‌ని ఎవరూ వాడరని నీకు అనిపించవచ్చు, కొన్ని భాషల లేఅవుట్లలో దాంతోనే అదనపు అక్షరాలు వస్తాయి.

నిజంగా విండోస్‌లోనే మార్చక తప్పదంటే ముందు మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్ అనే ప్రోగ్రాంలో ఉన్న కీబోర్డ్ మేనేజర్‌తో చూడు. అది సైన్ ఇన్ తెర దగ్గర పనిచెయ్యదు, చాలామంది దాన్ని లోపమంటారు, నాకు మాత్రం అదే ధైర్యం. పాస్‌వర్డ్ దగ్గర కీబోర్డు ఎప్పటిలాగే ఉంటుంది. పవర్‌టాయ్స్ మూసేస్తే లోపల కూడా అన్నీ పాత పద్ధతికి వచ్చేస్తాయి. అడ్మిన్ హక్కులతో తెరిచిన ప్రోగ్రాముల్లో మాత్రం, పవర్‌టాయ్స్‌ని కూడా అలాగే నడిపితే తప్ప, మార్పు పనిచెయ్యదు, ఆ సంగతి పిల్లలకి చెప్పు. రిజిస్ట్రీ ఆఖరి దారి.

క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టాక ఒక పని మర్చిపోకు. ఆ సెట్టింగు ఆ పిల్ల ఖాతాలో ఉంటుందే కానీ సైన్ ఇన్ తెరకి దానంతట అది వెళ్లదు. ఎన్‌వీడీఏ జనరల్ సెట్టింగ్స్‌లో, ఇప్పుడు సేవ్ చేసిన సెట్టింగులనే సైన్ ఇన్ దగ్గర కూడా వాడమని చెప్పే బటన్ ఉంటుంది, అడ్మిన్ అనుమతి అడుగుతుంది. అది నొక్కకపోతే ఇన్సర్టే లేని ల్యాప్‌టాప్‌లో సైన్ ఇన్ తెర ఇన్సర్ట్ కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఎఫ్ఎన్ కీ మీద టైం పాడుచేసుకోకు, చాలా ల్యాప్‌టాప్‌లలో అది విండోస్ దాకా రానే రాదు. ఎఫ్1, ఎఫ్2 నేరుగా రావాలంటే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కి చూడు, చాలా వాటిలో అదే తాళం. లేకపోతే విండోస్ కంటే ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో మార్చాలి, అక్కడ స్క్రీన్ రీడర్ మాట్లాడదు, కాబట్టి నీ కళ్లు నిజంగా అవసరమయ్యేది అక్కడే. ఏం మార్చావో పైకి చదివి వినిపించు. 2024 నుంచి వస్తున్న కోపైలట్ (మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు) కీ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఉంటే జాగ్రత్త, చాలా వాటిలో అది మెనూ కీ స్థానంలోనో కుడి కంట్రోల్ స్థానంలోనో కూర్చుంది. అది ఒక్క కీలా పనిచెయ్యదు, విండోస్, షిఫ్ట్, ఎఫ్23 మూడూ కలిపి పంపుతుంది. ఒక కీని ఒక కీకి మార్చే నీ స్క్రిప్టుకి అది లొంగదు. పవర్‌టాయ్స్‌లో షార్ట్‌కట్‌గా పట్టుకుని చూడు.

మార్చాక ఎన్‌వీడీఏ కీ, ఒకటి నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్ వస్తుంది, ఏ కీ నొక్కినా పేరు చెప్తుంది తప్ప పని చెయ్యదు. కీబోర్డంతా ఆ పిల్ల చేతనే నొక్కించు, నువ్వు నొక్కకు. తర్వాత రీస్టార్ట్ చేయించి, తెర ఆపేసి, పాస్‌వర్డ్ కొట్టించు. ఏం మార్చావో, వెనక్కి ఎలా తియ్యాలో మౌస్ అక్కర్లేని మెట్లతో డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైలులో రాయి. లోపలికే వెళ్లలేనప్పుడు ఆ ఫైలు పనికిరాదు, అందుకని వాళ్ల ఫోన్‌కి కూడా పంపు. ప్రతి ల్యాప్‌టాప్‌లో ఇంకో అడ్మిన్ ఖాతా ఉందో లేదో చూడు, దాని పాస్‌వర్డ్‌లో అక్షరాలు, అంకెలు తప్ప ఏమీ వద్దు.

అరిచినట్టు రాశానేమో. ఈ పని నువ్వు తప్ప మన ఇంట్లో ఎవరూ తలకెత్తుకునేవాళ్లు కాదు, అది నాకు తెలుసు. ఏ రోజు వెళ్తున్నావో రెండు రోజుల ముందు చెప్పు, నేనూ వస్తాను. నువ్వు మార్పులు చేస్తుంటే ఆ పిల్లల పక్కన కూర్చుని సైన్ ఇన్‌లు నేను చేయిస్తాను. స్క్రిప్టు మాత్రం ఈలోగా ఎవరికీ పంపకు.

మీ పెద్దమ్మ