ఏ జన్యువు లోపమని అడిగారు, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నా వయసు 29. మొదటి గర్భంలో 19వ వారం స్కాన్ చూసి, బిడ్డ మెదడు ముందుభాగం రెండుగా విడిపోలేదని, దీన్ని హోలోప్రోసెన్‌సెఫలీ అంటారని చెప్పారు. ఆ బిడ్డ దక్కలేదు. తల, మెదడు ఏర్పడటాన్ని జన్యువులే నడిపిస్తాయని చదివాను. మాలో ఏ జన్యువు లోపముందో పరీక్షలో తేలుతుందా? మళ్లీ గర్భం కోసం ప్రయత్నిస్తున్నాం. మొటిమలకు మా అక్క వాడగా మిగిలిన ఐసోట్రెటినోయిన్ అప్పుడప్పుడు వేసుకుంటున్నాను. – ఒక పాఠకురాలు

జవాబు: చివర్లో యథాలాపంగా రాసిన వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ మాత్రలు ఈ రోజే ఆపేయండి. ఆపాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా జాగ్రత్తపడండి. నెలసరి ఇప్పటికే ఆలస్యమై ఉంటే, పరీక్ష చేసుకుని వెంటనే ప్రసూతి వైద్యులను కలవండి.

కారణం మీరడిగిన విషయంలోనే ఉంది. కప్పయినా, ఎలుకయినా, మనిషయినా పిండంలో తల ఎక్కడ రావాలో నిర్ణయించే జన్యువులు చాలావరకు ఒకటే. 1995లో లిమ్1 అనే జన్యువును తొలగించిన ఎలుక పిండాలకు తల ముందుభాగమే ఏర్పడలేదు. విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ యాసిడ్ మెదడు వెనుకభాగంలో, శరీరంలో ఏ భాగం ఎక్కడ రావాలో నిర్ణయించే హాక్స్ జన్యువులను ఒక వరుసలో పనిలోకి దింపుతుంది. ముందుభాగంలోని ఎంజైములు మాత్రం దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతూ అక్కడ చేరనివ్వవు. మీ మాత్ర ఆ రెటినోయిక్ యాసిడ్ కోవకు చెందిన మందే కనుక, జన్యువులు నిక్షేపంగా ఉన్నా వాటికందే సంకేతం తారుమారై చెవులు, గుండె, చిన్నమెదడు లోపాలతో బిడ్డ పుట్టవచ్చు. పైగా మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం తలవైపు కొస ఫలదీకరణ జరిగిన సుమారు 25 రోజులకే మూసుకుంటుంది. నెలసరి పది రోజులు దాటిందా అని మీరింకా లెక్క చూసుకుంటూ ఉంటారు. అక్కకు రాసిన మందు అక్క కోసమే రాశారమ్మా, మిగిలింది కదా అని వేసుకోవడం ఏమిటి?

మొదటి గర్భానికి ముందు కూడా వేసుకున్నారో లేదో రాయలేదు. వేసుకుని ఉన్నా, అదే కారణమని ఉత్తరం చూసి నేను చెప్పలేను. 13వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం, తల్లికి ముందునుంచే మధుమేహం ఉండటం, సోనిక్ హెడ్జ్‌హాగ్, జిక్2, సిక్స్3 వంటి జన్యువుల్లో మార్పు – వీటిలో ఏదైనా కావచ్చు. ఆ మార్పు తల్లిలోనో తండ్రిలోనో ఉండి పెద్దగా బయటపడకపోవచ్చు. ఒక్కోసారి పై దవడలో ముందరి రెండు పళ్లకు బదులు మధ్యన ఒకే పన్ను ఉండటమే దానికి గుర్తు. అద్దంలో ఒకసారి చూసుకోండి, మీవారినీ చూడండి. అయితే జన్యుపరీక్షలో ఏమీ తేలనంత మాత్రాన భయం లేదని అర్థం కాదు.

మధుమేహం ఉందేమో తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ మోతాదు మీ వైద్యులే నిర్ణయించాలి, గర్భానికి కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. పాత స్కాన్ రిపోర్టులతో జన్యు నిపుణులను కలిసి, ఆ బిడ్డ కణజాలం గానీ డీఎన్‌ఏ గానీ భద్రపరిచారేమో తప్పక అడగండి. ఉంటే పరీక్ష అక్కడి నుంచే మొదలవుతుంది.