దెబ్బ సంగతి నాన్నకి చెప్పలేని కొడుకు

ప్రశ్న: మా బాబుకి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచి కార్టింగ్ (చిన్న రేసు బళ్లు నడపడం) చేస్తున్నాడు. మావారు షాద్‌నగర్‌లో ప్లాటు అమ్మి మరీ వాణ్ని రేసుల్లోకి దింపారు. పోయిన నెల కోయంబత్తూరులో బండి పల్టీ కొట్టింది. ఏమీ కాలేదన్నాడు. తిరిగొస్తుంటే కర్నూలు దగ్గర దాబాలో, ఆయన బిల్లు కట్టేలోపు పక్కకెళ్లి వాంతి చేసుకున్నాడు. రెండు రోజులు తలనొప్పి. ‘నాన్నకి చెప్పకమ్మా’ అన్నాడు, నేనూ చెప్పలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆయనేమో ఔటర్ రింగ్ రోడ్డు కంటే ట్రాకే నయమంటారు. నేను రేసులకు వెళ్లడం మానేస్తే తల్లిగా తప్పా? ఈ భయం తగ్గడానికి మందులున్నాయా?
– ఒక తల్లి, మేడ్చల్

జవాబు: మందులు వద్దమ్మా. భయపడాల్సిన దానికే భయపడుతున్నారు. 2023లో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనే జనవరిలో 59 ఏళ్ల కారు డ్రైవరు, ఆగస్టులో 13 ఏళ్ల బైక్ రేసరు చనిపోయారు. ఇక రేసులకు వెళ్లడమంటారా, వెళ్లండి, మానేయండి, మీ ఇష్టం. అదసలు సమస్యే కాదు.

నన్ను పట్టుకున్నది ఆ దాబా. తలకి దెబ్బ తగిలిన పిల్లాడు తండ్రి చూడకుండా వాంతి చేసుకున్నాడు. ఎందుకు? ఆ తండ్రి కొట్టేవాడని మీరు రాయలేదు. బహుశా చాలా ప్రేమున్నవాడే. కానీ ప్లాటు అమ్మిన సంగతి ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినబడుతుందో నేను ఊహించగలను. నాన్న ఆస్తి నెత్తిన పెట్టుకుని బండెక్కే పిల్లాడికి ‘నాకు బాగా లేదు’ అనే హక్కు ఎక్కడిది? పిల్లల మీద పెట్టిన డబ్బుని వాళ్లకే అప్పుగా చూపించడం నేను ఎన్నటికీ ఒప్పుకోను.

ఫార్ములా వన్ కారు రేసర్ లూయిస్ హామిల్టన్ తండ్రి కూడా కొడుకు కార్టింగ్ కోసం ఒకేసారి ఒకటికి మించి ఉద్యోగాలు చేసినవాడే. కొడుకు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక కూడా మేనేజర్‌గా ఆయనే ఉన్నాడు. 2010లో ఆ మేనేజర్ పని ఆగిపోయింది. కొడుక్కి నాన్న నాన్నగా ఉంటే చాలనిపించింది. మధ్యలో కొంత ఎడమొహం పెడమొహం తప్పలేదు గానీ, తర్వాత కలిసిపోయారు. మీవారు కూడా లాప్ టైమ్‌లు (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం), టైర్ల లెక్కలు కోచ్‌కి వదిలేయాలి.

ఇంకో మాట. 1976లో ఫార్ములా వన్ రేసర్ నికీ లౌడా జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో కారుకి మంటలంటుకుని ఒళ్లు కాలినా, ఆరు వారాలకే మళ్లీ కారెక్కాడు. ఆ తెగువ గురించి అందరూ చెబుతారు. అదే ఏడాది జపాన్‌లో చివరి రేసులో, కుండపోత వానలో, రెండు లాప్‌లు తిరిగి తనంతట తానే కారు ఆపేసి దిగిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ టైటిల్ పోయింది. మరుసటి ఏడాది మళ్లీ అతనే ఛాంపియన్. దిగిపోవడం కూడా రేసర్ నేర్చుకోవాల్సిన పనే. మీ వాడికి అది నేర్పే స్థితిలో ఇప్పుడు మీ ఇంట్లో ఎవరూ లేరు, మీతో సహా. కొడుకు నమ్మకం పోతుందని మీరూ నోరు మూసుకున్నారు. తల గాయం విషయంలో అలాంటి నమ్మకం నిలబెట్టుకోనక్కర్లేదు. మొదటి దెబ్బ పూర్తిగా తగ్గకముందే రెండోది తగిలితే అది ప్రాణాల మీదికి రావచ్చు.

ముందు బాబుతో ‘నాన్నకి చెప్పబోతున్నాను, నువ్వూ పక్కనే ఉండు’ అనండి. వాడి వెనకాల చెప్పకండి. చెప్పేటప్పుడు మీవారిని నిందించొద్దు, దాబా దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు. ఆయన ముందు కోప్పడతారు, పడనివ్వండి. ఈ వారంలోనే ముగ్గురూ కలిసి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పల్టీ, వాంతి, తలనొప్పి ఏ రోజు ఏది జరిగిందో కాగితం మీద రాసుకెళ్లండి, అక్కడ కంగారులో మర్చిపోతారు. డాక్టరు సరేనని రాసిచ్చేదాకా వాడు ప్రాక్టీసుకి కూడా బండెక్కకూడదు, తర్వాతి రేసుకి ఎంట్రీ ఫీజు కట్టేసినా సరే.