కోరాపుట్ జిల్లా జయపురంలో పాత సాన్ స్టార్మ్ కారు: కొత్త బ్యాటరీ రెండు వారాలకే పడిపోయింది, ఆల్టర్నేటర్ మార్చేయాలా?

ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేదే ఆల్టర్నేటర్. దాన్ని ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే వాన, పొగమంచు. బ్యాటరీ లైటు మినుకుమంటూ ఉంది, హెడ్‌లైట్లు పసుపుబారాయి, వైపర్ నీరసంగా కదిలింది, పొట్టంగి చేరకుండానే బండి ఆగిపోయింది. సిమిలిగుడలో కొత్త బ్యాటరీ వేశారు, రెండు వారాలకు మళ్లీ అదే వరస. "ఏ కంపెనీ బ్యాటరీ మంచిది" అని చివర్లో అడిగారు చూడండి, అది అసలు ప్రశ్నే కాదు.

లెక్క చూడండి. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకు 9 ఆంపియర్లు. మీరు తర్వాత బిగించుకున్న ఫాగ్ లైట్లకు ఇంకో 9. బ్లోయర్, వైపర్, రేడియేటర్ ఫ్యాన్, పెట్రోల్ పంపు, ఇగ్నిషన్ కలిస్తే మొత్తం 40 దాటుతుంది. ఛార్జింగ్ అందకపోతే నిండుగా ఉన్న 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కూడా ఈ బరువు గంట మోయలేదు. పగలు ఊళ్లో లైట్లు లేకుండా తిరిగినన్నాళ్లూ వచ్చే కాస్త ఛార్జింగే సరిపోయింది, అందుకే రెండు వారాలు బాగున్నట్టు కనిపించింది.

చవక డిజిటల్ మీటరు ఒకటి కొనండి. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే బ్యాటరీ 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. స్టార్ట్ చేసి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఇప్పుడు లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేయండి. 13.5 కిందికి దిగకూడదు. 12 దగ్గరే ఉండి ఇంకా జారుతుంటే ఛార్జింగ్ రావట్లేదు. 15 దాటితే కటౌట్ (వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్) పోయింది, అది బ్యాటరీని ఉడకబెట్టి బల్బులు మాడ్చేస్తుంది.

తక్కువ వచ్చిందనగానే అందరూ ఆల్టర్నేటర్ మీదికి పానా పట్టుకెళ్తారు. లోడ్లన్నీ అలాగే ఉంచి రెండు కొలతలు తీయండి. ఆల్టర్నేటర్ వెనక లావు వైరున్న బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు: 0.3 వోల్టు దాటకూడదు. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కు: 0.2 దాటకూడదు. మీటరు సూది క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే పెట్టండి. క్లాంపుకీ పోస్టుకీ మధ్యే దొంగ దాక్కుని ఉండొచ్చు.

మీ బండికి ఈ రెండో కొలతే ప్రాణం. మామూలు కారులో బాడీ అంతా ఇనుమే కాబట్టి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి, ఎలాగో ఒకలా దొరుకుతుంది. మీది ఫైబర్ బాడీ, అందులోంచి కరెంటు పోదు. ఇంజన్ కూర్చున్నది రబ్బరు మౌంట్ల మీద. కాబట్టి ఇంజన్‌కూ, కింది ఇనప ఫ్రేముకూ, బ్యాటరీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీలే మొత్తం కథ. కోరాపుట్ వానలకు వాటి లగ్గుల (చివర బోల్టుకు బిగించే రింగుల) కింద పచ్చటి చిలుము పడుతుంది. పైకి బిగువుగానే ఉంటుంది, లోపల పొడి. సెల్ఫ్ కొట్టినప్పుడు క్లచ్ కేబుల్ గానీ యాక్సిలరేటర్ కేబుల్ గానీ వెచ్చబడుతోందా? అయితే ఇంజన్ ఎర్త్ తెగి, కరెంటు ఆ కేబుల్ పట్టుకుని పారుతోందన్నమాట. పట్టీ విప్పి రెండు చివర్లూ, ఫ్రేము మీద అది కూర్చునే చోటూ ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకండి. పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. పళ్ల వాషరు వేసి బిగించాక పైన వాసలిన్ రాయండి, ముందు కాదు. వైరు లోపల నల్లబడి ఉంటే 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కొత్తది వేయండి.

రెండు కొలతలూ బాగుండి ఛార్జింగ్ రాకపోతే అప్పుడు అనుమానం ఆల్టర్నేటర్ మీదికి. తాళం ఆన్ చేస్తే బ్యాటరీ లైటు వెలగాలి. వెలగకపోతే ముందు ఆ బల్బు, దాని వైరు చూడండి. పాత రకం ఆల్టర్నేటర్ మేలుకునేది ఆ బల్బులోంచి వచ్చే కరెంటుతోనే. ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూడండి. 0.5 దాటితే ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే డయోడ్ పోయింది. అలాంటి డయోడే బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీని రాత్రంతా తాగేస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడండి, బండి ఆగలేదు, డైనమో (ఆల్టర్నేటరే) బాగుంది" అనే మేస్త్రీ దగ్గర్నుంచి తాళం తీసుకుని వచ్చేయండి. బ్యాటరీ ఊడిన క్షణంలో వోల్టేజీ 60, 80 దాకా ఎగరొచ్చు. డయోడ్లు, కటౌట్, ఇంజన్ కంప్యూటర్ ఏదైనా కాలుతుంది. కార్బ్యురేటర్ కాలపు అంబాసిడర్ మీద నేర్చుకున్న విద్య అది. మీ బండి ఉత్పత్తి ఆగి ఏళ్లయింది, కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది?

ఆల్టర్నేటరే దోషి అని తేలినా వెంటనే కొత్తది వద్దు. చాలాసార్లు పోయేది లోపల రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్లే: అరిగి 5 మిల్లీమీటర్ల కంటే పొట్టిబడితే మార్చాలి. రోటర్ (లోపల తిరిగే భాగం) మీద కార్బన్లు రాసుకునే స్లిప్ రింగుపై గాడి పడితే లేత్ మీద పలచగా తీయించండి. రెండు రింగుల మధ్య సాధారణంగా 2 నుంచి 4 ఓములు ఉండాలి, రింగుకీ షాఫ్టుకీ మధ్య కరెంటు అసలు కలవకూడదు. కలిస్తే రోటర్ పోయినట్టే. గుయ్యిమనే మోత బేరింగులది. పాతదాని మీద నంబరు చూసి రెండు వైపులా రబ్బరు సీలున్నవే అడగండి. పై నుంచి ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ఆయిల్ కారుతుంటే ముందు ఆ గాస్కెట్ వేయించండి, లేకపోతే కొత్త కార్బన్లు కూడా జిగురుపట్టి చస్తాయి.

వేరేది కొనాల్సివస్తే బండి పేరు చెప్పకండి, కౌంటర్లో ఎవరికీ తెలీదు. విశాఖకో విజయనగరానికో పాతదాన్నే పట్టుకెళ్లి బోల్టులు పట్టే చెవుల దూరం, పుల్లీ గాడుల సంఖ్య, కనెక్టర్ పిన్నులు, మీద రాసిన ఆంపియర్లు సరిపోల్చండి. ఎక్కువ ఆంపియర్లది పెడితే లావు వైరూ మార్చాలి.

బిగించేప్పుడు ముందు ఫొటో, తర్వాత బ్యాటరీ మైనస్ తీయడం. బెల్టు బిగించడానికి గునపం ఆనించేది ముందు వైపు చెవి దగ్గరే. వెనక అల్యూమినియం మూత మీద ఆనిస్తే పగులుతుంది. పుల్లీల వరస స్కేలు పెట్టి చూడండి. పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగితే చాలు. మరీ బిగిస్తే బేరింగు పోతుంది. మైనస్ చివర్లో తగిలించండి. పడిపోయిన బ్యాటరీని మాత్రం ముందు బయటి ఛార్జర్‌తో నింపండి. ఖాళీ బ్యాటరీతో ఘాట్ ఎక్కిస్తే కొత్త ఆల్టర్నేటర్ మొదటి రోజే వేడెక్కి వాసనొస్తుంది.