పొట్టేలు పుర్రె గోడకు పెట్టాలంటే

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం దగ్గర పల్లె. దేవరలో కోసిన పొట్టేలు పుర్రెను కొమ్ములతో హాల్లో పెట్టాలనుంది, ఉడకబెట్టి బ్లీచింగ్ పౌడర్ వేస్తే చాలా? మామ ఇంట్లో పాత జింక పుర్రె ఉంది, అదీ ఇట్లే చేయొచ్చా?

జవాబు: బ్లీచింగ్ వద్దే వద్దు తమ్ముడూ, ఎముక గుల్లబారి పొడి రాలుతుంది. తెర్లే నీళ్ళలో ఉడికిస్తే కొవ్వు ఎముకలోకి దిగి తర్వాత పసుపు మరకలొస్తాయి. మూత బకెట్లో నీళ్ళు పోసి ఇంటికి దూరంగా నానబెట్టు, వాసన ఘోరం గానీ కండ అదే కుళ్ళి ఊడిపోతుంది, కొమ్ముల తొడుగులు వదులైతే తీసి పక్కన పెట్టు. ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో, జిడ్డు తేలడం ఆగేదాకా నీళ్ళు మారుస్తా ఉండు, అసలు పని ఇదే, తొందరపడొద్దు. ఆఖర్న తెల్లబడేదానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టు, గ్లౌజులు వేసుకొని. జింకది మాత్రం ముట్టుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం, మామను ఫారెస్ట్ ఆఫీసులో కలవమను.