కవలల కథ తీయబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు ముంబైలో హిందీలో కామెడీ తీస్తున్నావనీ, కవల అన్నదమ్ముల కథనీ, రెండు వేషాలూ ఒక్క కుర్రాడే వేస్తున్నాడనీ మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ఆయన చెబితే తెలియాలా నాకు? సరే, సంతోషమే. పాతిక నిమిషాల సినిమా, నాలుగు రోజుల షూటింగ్ అట. ఒక్క మనిషికి రెండు వేషాలంటే బట్టలు మార్చడానికీ జుట్టు దువ్వడానికీ రోజులో సగం పోతుంది. నాలుగు రోజుల్ని రెండు రోజులనుకునే లెక్క వేసుకో.

భోజనాలు, మైకు, వానొస్తే ఏం చేయాలి, ఇవి నీకు తెలిసినవే. వదిలేస్తున్నా.

ముందు 'అంగూర్' మళ్లీ చూడు, ఈసారి కాగితం పట్టుకుని. 1982లో గుల్జార్ తీసింది. సంజీవ్ కుమార్ ఇద్దరు అశోక్‌లు, దేవేన్ వర్మ వాళ్ల నౌకర్లు ఇద్దరు బహదూర్‌లు. మూలం షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'. ఆయన ప్లాటస్ అనే రోమన్ రచయిత నాటకంలోంచి ఒక కవల జంటని తెచ్చుకుని, నౌకర్ల జంటని తనే చేర్చాడు. రెండో జంట ఎందుకో తెలుసా? యజమాని ఒకడే తికమకపడితే ఇంటికెళ్లి నౌకర్ని అడిగి తేల్చుకుంటాడు. ఆ నౌకరూ వేరేవాడైతే అడిగే దిక్కే లేదు.

ఇక అందరూ చేసే పాత తప్పు. నువ్వూ చేస్తావని నా భయం. పోలిక ఒక్కటి ఉంటే చాలు, నవ్వు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. పెళ్లాం పరాయివాణ్ణి మొగుడనుకుంది, నగల కొట్టువాడు అనుకున్నాడు, పక్కింటివాడూ అనుకున్నాడు. మూడోసారికి చూసేవాడికి విసుగొస్తుంది. 'ఒక్క మాట అడిగితే తేలిపోతుంది కదా, వీళ్లకి బుర్ర లేదా' అంటాడు. ఆ మాట అతని నోట రాకుండా చూడటమే నీ పని. అందుకు దారి ఒకటే. తికమకపడే ప్రతి మనిషికీ తనదైన తప్పుడు కారణం ఉండాలి, అది తెలివైన కారణమై ఉండాలి. ఊరికి కొత్తగా వచ్చిన అశోక్‌ని చూడు. డిటెక్టివ్ నవలల పిచ్చి, చేతిలో డబ్బు సంచి. ముక్కూమొహం తెలియనివాళ్లు పేరుపెట్టి పిలిచేసరికి ఏదో ముఠా తన డబ్బు కోసం వల వేసిందనుకుంటాడు. ఇక ఎవరెంత ప్రేమగా పలకరిస్తే అంత హడలిపోతాడు. అతని భార్యననుకునే మనిషికేమో నెక్లెస్ గొడవ ఉండనే ఉంది. కాబట్టి మొగుడు తెలియనట్టు మాట్లాడినా అలకేననుకుంటుంది. ఎవరి లెక్కలో వాళ్లు సరే. అందుకే ఎవరూ అడగరు. నీ స్క్రిప్టులో ప్రతి పాత్ర పక్కనా 'ఇతను ఏమనుకుంటున్నాడు' అని ఒక వాక్యం రాయి. రాయలేకపోతే ఆ పాత్రని కొట్టేయ్.

ఈ తప్పుకో తమ్ముడున్నాడు. ఇద్దరినీ గుర్తుపట్టాలని ఒకడికి మీసం, ఒకడికి కళ్లజోడు పెడతారు. ప్రేక్షకుడికి కనబడే తేడా పెళ్లానికి ఎందుకు కనబడదమ్మా? తేడా లోపల పెట్టు. ఒకడు భయస్తుడు, ఒకడు కోపిష్టి. కుర్రాడు మంచి నటుడైతే తలుపు తీసే తీరులోనే తెలిసిపోతుంది.

ఇద్దరికీ ఒకే పేరెలా వచ్చిందని బుర్ర బద్దలుకొట్టుకోకు. మొదటి రెండు నిమిషాల్లో మొహమాటం లేకుండా చెప్పేయ్. మొదట్లో చెప్పిన ఒక్క అబద్ధాన్ని జనం ఒప్పుకుంటారు, మధ్యలో చెప్పిన రెండోదాన్ని ఒప్పుకోరు.

కాగితం మీద పట్టిక గీయి. నిలువుగా టైము, అడ్డంగా ఒక్కో మనిషికి ఒక్కో గడి. డబ్బు, తాళంచెవి, నెక్లెస్ ఏ నిమిషంలో ఎవరి చేతిలో ఉన్నాయో ఎర్ర ఇంకుతో రాయి. ఒకడికిచ్చిన తాళంచెవి రెండోవాడి జేబులోంచి వచ్చిందంటే కథ అక్కడే చచ్చింది.

నీ హిందీ సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడే మనకి అందులో ఆడ, మగ క్రియలు తడబడతాయి. డైలాగులు అక్కడ పుట్టిపెరిగినవాళ్లెవరికైనా చూపించు. కానీ 'ఆప్', 'తుమ్' మాత్రం నీ చేతిలోనే ఉంచుకో. 'తుమ్' అనే మొగుడు ఉన్నట్టుండి 'ఆప్' అంటే పెళ్లాం దాన్ని మర్యాద అనుకోదు, వెటకారం అనుకుంటుంది. మన దగ్గరా అంతేగా, నువ్వు అనే మొగుడు 'మీరు దయచేయండి' అంటే ఇల్లు దద్దరిల్లదూ? ఆ ఒక్క మాటతో ఒక సీను నడిపించొచ్చు.

ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండే షాట్లు మూడుకు మించి పెట్టుకోకు. ఒకే షాటుని ఒక్కో వేషంతో ఒక్కోసారి తీసి, ఒకదాంట్లోంచి ఒక సగం, రెండోదాంట్లోంచి ఇంకో సగం అతికించాలి కదా. కెమెరాని స్టాండు మీద బిగించి, కాళ్లకి ఇసుక మూటలు వేయి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ ఏదీ ఆటోలో ఉండకూడదు. ట్యూబ్‌లైటు ఉంటే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 సైకిళ్లది, అలా పెడితే వెలుగు అదరదు. రెండు సగాలు కలిసే గీత తలుపు చట్రం మీదో స్తంభం మీదో పడాలి. ఆ గీత దగ్గర కర్టెను, చెట్టు కొమ్మ ఏదీ కదలకూడదు, ఫ్యాను ఆపించు. ఎవరూ లేని ఖాళీ షాటు ఒకటి తీసి దాచుకో. మాటలు నడిపించే వేషం ముందు తీయి. రెండోసారి ఆ గొంతే కుర్రాడి చెవిలో వినిపించు, టైమింగ్ కుదురుతుంది. కిటికీ ఎండని మాత్రం నమ్మకు. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. నలభై నిమిషాలు బట్టలు మార్చుకుని వచ్చేసరికి నేలమీద నీడ ఒక సగంలో ఒకచోట, రెండో సగంలో ఇంకోచోట ఉంటుంది. నల్లగుడ్డ కట్టి లైట్లతో తీయి. మిగతా షాట్లలో వీపు చూపించే డూపు చాలు. ఎత్తొక్కటే కాదు, చెవులూ మెడ వెనక జుట్టూ కలవాలి.

ఇంకో మాట, పెద్దవాణ్ణి కాబట్టి అంటున్నాను. పరాయి మగవాడు ఇంట్లో ఉండే రాత్రిని జాగ్రత్తగా దాటించు. గుల్జార్ పకోడీల్లో భంగు కలిపించి ఇంటిల్లిపాదినీ మత్తులో పడేశాడు, నవ్వూ వచ్చింది, ఆ పిల్ల పరువూ నిలిచింది. తర్వాత నిజం తెలిసినప్పుడు ఆమె తలదించుకునే పని ఒక్కటీ నీ సినిమాలో జరగకూడదు. ఇందులో మాత్రం నాతో వాదించకు.

డబ్బు చాలకపోతే మీ నాన్నని కాదు, నన్నడుగు. పట్టిక ఫొటో తీసి ఆదివారంలోగా పంపించు. అద్దం ముందు ఇద్దరూ నిలబడే సీను ఏదైనా ఉంటే ముందే చెప్పు, దాని తిప్పలు వేరు.

మీ పెదనాన్న