చావు కబురు ఆలస్యంగా అందిన పిల్లవాడు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావాడు ఎనిమిదో తరగతి. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియోగేమ్ ఆడుతూ వీడియోలు చేసే టెక్నోబ్లేడ్ అంటే ప్రాణం. అతను ఎప్పుడో చనిపోయాడని మూడు వారాల కిందట తెలిసిందట. అప్పట్నుంచి సరిగా తినడు. రాత్రిళ్ళు ఆఖరి వీడియో పెట్టుకుని ఏడుస్తాడు. నోటుపుస్తకం అట్ట నిండా ‘టెక్నోబ్లేడ్ నెవర్ డైస్’ అని రాసుకున్నాడు. మాటిమాటికీ కుడి భుజం నొక్కి చూసుకుంటున్నాడు. నిరుడు మా అత్తగారు పోతే చుక్క కన్నీరు రాల్చలేదు. వాళ్ళ నాన్న ‘ఎవడో అమెరికావాడు పోతే నీకేంట్రా’ అని ఫోన్ లాక్కున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, దూరపు బంధువు పోయిన సంగతి నెలల తర్వాత తెలిసినా, విన్న రోజే కదా తలస్నానం చేస్తాం. ఆ అబ్బాయి పోయింది 2022లోనే అయినా మీవాడి లెక్కలో ఇంకా నెల తిరగలేదు. పైగా నిన్నటిదాకా బతికున్నాడనుకుని నవ్వుకుంటూ చూసినవన్నీ ఒక్కరోజులో పోయినవాడి వీడియోలైపోయాయి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, తనను నవ్వించినవాడిది ఇంగ్లీషు. ఈ బాధ ఎవరితో ఏ భాషలో చెప్పుకోవాలో వాడికి తెలియడం లేదు.

ముందు భుజం సంగతి చూడండి, అసలు భయం అక్కడుంది. అలెక్స్‌కు (టెక్నోబ్లేడ్ అసలు పేరు) 2021లో కుడిచేతి నొప్పితోనే మొదలైంది. ఆడీ ఆడీ వచ్చిన నొప్పి అనుకున్నాడు, తీరా చూస్తే సార్కోమా అనే క్యాన్సర్. 23 ఏళ్ళకే పోయాడు. మీవాడూ ఫోన్ పట్టుకుని ఆడేవాడే, భుజం లాగేదే. కాబట్టి ‘నాకూ అదేనేమో’ అనుకుంటూ ఉండొచ్చు. పగటి వెలుతురులో చొక్కా విప్పించి రెండు భుజాలూ పక్కపక్కన తడిమి చూడండి. సార్కోమా అరుదైన జబ్బు, ఆటలవల్ల రాదు. మెడ వంచి గంటలకొద్దీ కూర్చుంటే భుజం, బొటనవేలు నొప్పెట్టడం మామూలే. గడ్డ చేతికి తగిలినా, అది పెరుగుతున్నా, 5 సెంటీమీటర్లు దాటినా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా ఆలస్యం చెయ్యకుండా జిల్లా ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించండి. ఏమీ లేకపోయినా ఒకసారి చూపించడం మేలు. మీరు వందసార్లు ‘ఏం లేదురా’ అన్నా నమ్మనిది డాక్టరు చేత్తో పట్టి చూసి చెబితే నమ్ముతాడు.

అట్టమీది రాత గురించి భయపడకండి. అది ఆటలో అతను వేసే కేక, అభిమానులంతా పట్టుకున్నారు. చావును ఒప్పుకోలేక రాస్తున్నది కాదు.

నాయనమ్మ మాట మాత్రం ఇప్పుడు ఎత్తకండి. ఇంటినిండా జనం, పెద్దవాళ్ళే గుండెలు బాదుకుంటుంటే ఆ వయసు పిల్లలు చాలామంది బిగుసుకుపోతారు. ‘మగపిల్లాడివి, ఏడవకు’ అని ఎవరో ఒకరు అనే ఉంటారు. అప్పుడు గడ్డకట్టిన ఏడుపు కూడా ఇప్పుడు దీంతో కలిసి వస్తుండొచ్చు. ‘ఆవిడకు ఏడవలేదు, వీడికి ఏడుస్తున్నావా’ అన్నారంటే రెండు దుఃఖాలకూ తప్పుచేసినట్టు ముడుచుకుపోతాడు. తర్వాత తనే ఆవిడ ఊసు తెస్తాడు, అప్పుడు వినండి.

అన్నం దగ్గర బలవంతం వద్దు. గంజో పెరుగన్నమో కొంచెం కొంచెంగా పెట్టండి, బడి మాత్రం మాన్పించకండి. తిండి, నిద్ర ఇంకో రెండు వారాలకూ కుదురుకోకపోయినా, ‘నేనూ వెళ్ళిపోతా’ లాంటి మాట వచ్చినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇక ఫోన్. తిరిగి ఇవ్వాలి, అదీ మీవారి చేత్తోనే ఇప్పించండి. రాత్రి 9 తర్వాత మాత్రం అది ముందుగదిలో ఛార్జింగ్‌లో ఉండాలి. ఆఖరి వీడియో మానేయమనకండి, ఆరున్నర నిమిషాలదే. పగలు, పక్కన ఎవరైనా ఉండగా ఒక్కసారి చూడనివ్వండి. చీకట్లో ఒంటరిగా అదే పదేపదే చూస్తే మనసులో చావొక్కటే మిగిలి, అతను నవ్వించిన ఏళ్ళన్నీ చెరిగిపోతాయి. అందుకే అది అయ్యాక పాత వీడియో ఒకటి పెట్టించండి.

ఆఖరి వీడియోలోని ఆ మాటలు అలెక్స్ రాస్తే, చదివి వినిపించింది వాళ్ళ నాన్నగారు. తన పేరున్న బట్టలూ బొమ్మలూ జనం కొన్నందువల్ల తన తోబుట్టువులు కాలేజీకి వెళ్ళగలరని అందులో చెప్పాడు. ఈ సంగతి మీవారికి చెప్పండి, ‘ఎవడో’ అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు. అతని గుర్తు కిరీటం పెట్టుకున్న పంది. అతను పోయాక మైన్‌క్రాఫ్ట్ తయారుచేసినవాళ్ళే ఆట తెరిచేచోట కనిపించే బొమ్మలో పందికి కిరీటం పెట్టారు. మీవాడు తన ఆటలోనూ బంగారు దిమ్మెలతో అలాంటిది కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. ఆటలో బంగాళాదుంపల సాగులో అందరికంటే ముందుండాలని అతను నెలల తరబడి పోటీపడ్డ వీడియో ఒకటుంది. మీవారిని పక్కన కూర్చుని ‘ఈ దుంపల గోలేంట్రా, నాకు తెలుగులో చెప్పు’ అని అడగమనండి.