డీ అండ్ సీ తర్వాత బ్లీడింగ్ తగ్గింది.. గర్భం రాకపోవడానికి అదే కారణమా?

ప్రశ్న: నా వయసు 29. ఏడాదిన్నర క్రితం మూడో నెలలో గర్భం పోతే డీ అండ్ సీ (గర్భాశయం లోపల శుభ్రం చేసే ప్రక్రియ) చేశారు. అంతకుముందు నెలసరి నాలుగైదు రోజులు ఉండేది. ఇప్పుడు తేదీకే వస్తోంది కానీ రెండు రోజులే, అదీ మరకల్లా కనిపిస్తోంది. ఏడాదిగా ప్రయత్నిస్తున్నా గర్భం రావడం లేదు. చెడు రక్తం లోపలే ఉండిపోతోందని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. నాకు పిల్లలు పుట్టరా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ 'చెడు రక్తం' మాట మర్చిపోండి. నెలసరిలో పోయేది గర్భాశయం లోపలి పొర, దాంతోపాటు కాస్త రక్తం. పొర పలచగా ఉంటే తక్కువే పోతుంది. లోపల నిలవ ఉండేదేమీ లేదు.

మొదటి నుంచీ రెండు రోజులే అయ్యే వాళ్లు చాలామంది ఉంటారు. నెలనెలా అండం విడుదలవుతుంటే వాళ్లకు గర్భం రావడానికి అది అడ్డు కాదు. మీ విషయం వేరు. మీకు తగ్గింది, అదీ డీ అండ్ సీ తర్వాత. నాకు ముఖ్యంగా తోస్తున్నది ఇదే.

ఎంత జాగ్రత్తగా చేసినా కొందరిలో ఆ తర్వాత గర్భాశయం లోపలి గోడలు అక్కడక్కడా అతుక్కుంటాయి. దీన్ని అషర్మన్ సిండ్రోమ్ అంటాం. అతుక్కున్న చోట పొర పెరగదు కాబట్టి బ్లీడింగ్ తగ్గుతుంది, పిండం కుదురుకోవడమూ కష్టమవుతుంది. హార్మోన్లు బాగానే పనిచేస్తుంటాయి కనుక నెలసరి మాత్రం తేదీకే వస్తుంది. మామూలు స్కానింగ్‌లో ఈ అతుకులు కనిపించకపోవచ్చు. అందుకే స్కాన్ నార్మల్ అన్నారని ఆగిపోవద్దు. హిస్టెరోస్కోపీ చేయించుకోండి. సన్నటి కెమెరాను గర్భాశయంలోకి పంపి నేరుగా చూస్తారు, అతుకులుంటే చాలాసార్లు అప్పుడే విడదీస్తారు. తర్వాత పొర పెరగడానికి కొన్నాళ్లు ఈస్ట్రోజెన్ మాత్రలు ఇవ్వొచ్చు. అతుకులు కొద్దిగానే ఉన్నవాళ్లలో ఫలితం బాగుంటుంది. కొందరికి మళ్లీ అతుక్కుంటాయి కాబట్టి మరోసారి చూడాల్సి రావచ్చు. గర్భాశయానికి టీబీ సోకినా ఇలాంటి అతుకులే వస్తాయి, అనుమానం ఉంటే ఆ పరీక్షా చేస్తారు.

థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), ఏఎంహెచ్ (అండాల నిల్వను తెలిపే హార్మోన్) పరీక్షలూ చేయించండి. నెలసరికి వారం ముందు ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) చూస్తే అండం విడుదలైందో లేదో తెలుస్తుంది. ఈ మధ్య బరువు బాగా తగ్గారా, గర్భనిరోధక మాత్రలు ఏమైనా వాడారా అన్నదీ డాక్టర్‌కు చెప్పండి. ఇక మీ వారికి వీర్య పరీక్ష. ఏడాది ప్రయత్నించాక పరీక్షలు ఇద్దరికీ జరగాలి. చాలా ఇళ్లలో ఇది ఆఖరికి గుర్తొస్తుంది!

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోండి. గర్భం వచ్చాక, అతుకులు తీయించుకున్న సంగతి మొదటి విజిట్‌లోనే చెప్పండి. అలాంటి వాళ్లలో మాయ గర్భాశయ గోడకు గట్టిగా అతుక్కుపోయే అవకాశం కొంత ఎక్కువ. స్కానింగ్‌లో దాన్ని ప్రత్యేకంగా చూస్తారు.